ఏడో తారీఖు ముద్రలు

ఆదివారం పొద్దున పదింటికి బావమరిది వచ్చాడు. వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్ళి అక్క చేతిలోని టీ గ్లాసు లాక్కునే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అక్క కుర్చీ చూపించింది. కూర్చోలేదు. టీ ఇచ్చింది. పుచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి ఒక పొడుగాటి కవరు తీసి, బల్ల మీద బావ ముందు పెట్టాడు.

“చదువు బావా. నీకు తెలిసిన భాషే.”

ఆ బావ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా అకౌంటెంటు. అక్కడ అందరూ ఆయన్ని లెక్కలాయన అంటారు. బావమరిది అదే ఫ్యాక్టరీలో అట్టలు కోసే యంత్రం నడుపుతాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా బావే. కవరులోని ఉత్తరం పన్ను కార్యాలయం నుంచి వచ్చింది. పదకొండు నెలలుగా మీ పేరున పన్ను జమ కాలేదు, ముప్పై రోజుల్లోగా చెల్లించండి, లేదా చెల్లించినట్టు రుజువు చూపండి అని అందులో ఉంది.

లెక్కలాయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. “ఇదేదో పొరపాటురా. నీ జీతంలోంచి నెలనెలా పన్ను నేనే కోస్తున్నాను కదా.”

“కోస్తున్నావు. అది నాకూ తెలుసు. కోసింది ఎక్కడికి పోతోందని అడుగుతున్నా.”

“టాక్సాఫీసుకే.”

“నువ్వు పోయిందంటావు. వాళ్ళు రాలేదంటారు. మధ్యలో దారి తప్పిందా? దానికేమైనా కాళ్ళున్నాయా?”

“ఒరేయ్, ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకో” అంది అక్క.

“చూసుకునే మాట్లాడుతున్నానక్కా. ఏడేళ్ళు కూడబెట్టి ఆ రెండు గదుల ఇంటికి అడ్వాన్సు కట్టాను. అప్పు కోసం బ్యాంకువాళ్ళు టాక్సాఫీసులో వాకబు చేస్తే ఈ సంగతి బయటపడింది. పన్ను కట్టనివాడికి అప్పెలా ఇస్తామని ఫైలు తిప్పి పంపారు. నెలాఖరుకి మిగతాది కట్టకపోతే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవడమే.” అతను తలుపు వైపు తిరిగి, మళ్ళీ ఆగాడు. గది మూలనున్న బట్టలుతికే యంత్రం మీద కాసేపు చూపు నిలిపాడు. “మిషను బాగుందక్కా. ఎప్పుడు కొన్నారు?”

జవాబు వినకుండానే అతను వెళ్ళిపోయాడు.

పాఠకులారా, అనుమానం ఎప్పుడూ అరుస్తూ ఇంట్లోకి రాదు. ఒక మామూలు ప్రశ్నలా వచ్చి కూర్చుంటుంది. ఆ మధ్యాహ్నం భర్త స్నానానికి వెళ్ళగానే ఆ ఇల్లాలు అతని బల్ల సొరుగు తెరిచింది. యంత్రానికి కట్టిన వాయిదాల పుస్తకం తీసి, ఒక్కో వాయిదానూ అతని జీతం పక్కన పెట్టి వేళ్ళ మీద లెక్క చూసింది. లెక్క సరిపోయింది. సరిపోయాక కూడా ఇంకోసారి చూసింది. పుస్తకం ఎక్కడిదక్కడే పెట్టింది కానీ, సొరుగు వేలెడంత తెరిచే ఉండిపోయింది. స్నానం చేసి వచ్చిన భర్త దాన్ని చూశాడు. ఏమీ అనకుండా మూశాడు. ఆమెను తప్పుపట్టకండి. పదిహేనేళ్ళు కలిసి బతికిన మనిషిని నేరుగా అడగడం కన్నా, సొరుగు తెరవడమే ఆమెకు సులువనిపించింది. ఆ తెగులు ఆమె ఒక్కదానిదే కాదని తర్వాత మీకే తెలుస్తుంది.

సోమవారం ఫ్యాక్టరీలో లెక్కలాయన రసీదుల ఫైలు తీశాడు. పదకొండు నెలలకు పదకొండు రసీదులు ఉన్నాయి. ప్రతిదాని మీదా గుండ్రటి ముద్ర, పక్కన అతని పచ్చ పెన్సిలు టిక్కు ఉన్నాయి. నెలాఖరున జీతాల పట్టీలో నలభై ముగ్గురి కోతలూ కూడి, మొత్తాన్ని ఒక చీటీ మీద రాసి అతను క్యాషియరుకు ఇచ్చేవాడు. క్యాషియరు ఆ చీటీ చూపించి యజమాని దగ్గర డబ్బు తీసుకుని, టాక్సాఫీసులో కట్టి, రసీదు తెచ్చేవాడు. రసీదు తన చీటీతో చిల్లరతో సహా సరిపోయేది. అతను టిక్కు పెట్టేవాడు. పదకొండేళ్ళుగా పద్ధతి ఇదే.

క్యాషియరు వయసులో పెద్దవాడు. నడుముకు తాళాల గుత్తి వేలాడుతుంటుంది కనుక అతన్ని తాళాలాయన అంటారు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టలేదని యజమాని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు.

“పెద్దాయనా, టాక్సాఫీసులో డబ్బు ఏ కౌంటర్లో కడతారు?” అని అడిగాడు లెక్కలాయన, ఏదో ఊసుపోక అడిగినట్టు.

తాళాల చప్పుడు ఆగింది. “ఏం బాబూ, కొత్తగా?”

“ఊరికే.”

“ఏది ఖాళీగా ఉంటే దాన్లో. మూడో, నాలుగో. కౌంటరు నంబర్లు కూడా గుర్తుపెట్టుకుంటే ఇక మా ఆవిడ పేరు మర్చిపోతాను.” నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. “నా మీదేమైనా అనుమానమా?”

“అయ్యయ్యో, అంత మాటా! మిమ్మల్ని అనుమానించడమేంటి?”

ఆ మాట అంటున్నప్పుడే అది అబద్ధమని లెక్కలాయనకు తెలుసు. అయినా నోరు దానంతటదే అనేసింది. పైగా ఆ పూట టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. మన లెక్కల ఉద్యోగుల్లో ఎంతమంది ఇలా అడగవలసిన ప్రశ్న మింగి, టీ తాగించి తిరిగి వచ్చారో ఎవరు చెప్పగలరు?

ఆ సాయంత్రం అతను రసీదులు పట్టుకుని ఆడిటరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె దగ్గరే అతను ఆరేళ్ళు పని నేర్చుకున్నాడు. ఇప్పుడామె పని మానేసింది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక క్యాలెండరు తప్ప ఏమీ లేవు. రెండో కుర్చీలో మడతపెట్టిన శాలువా ఒకటి ఉంది. అది తీయమని ఆమె అనలేదు. అతను కిటికీ అరుగు మీద కూర్చున్నాడు.

ఆమె రసీదులన్నీ పేకముక్కల్లా బల్లంతా పరిచింది. “వీటిలో నువ్వు ఏం చూశావు?”

“మొత్తం చూశానమ్మా. ప్రతి నెలా.”

“మొత్తమంటే అన్నీనా, లేక మొత్తం అంకేనా?”

అతను తల దించుకున్నాడు. “అంకే.”

“దేంతో సరిచూశావు?”

“నా చీటీతో.”

“మరి రసీదు రాసినవాడు దేన్ని చూసి రాశాడు?”

“నా చీటీని చూసే.”

“అంటే నీ అంకెను నీ అంకెతోనే సరిచూసుకున్నావు. అద్దంలో మొహం చూసుకుని, ఈయనెవరో అచ్చం నాలాగే ఉన్నాడు, మంచివాడే అయ్యుంటాడని చేతులు కలిపినట్టు.” ఆమె నవ్వలేదు. “ఇప్పుడు తారీఖులు చదువు.”

చదివాడు. పదకొండూ ఏడో తారీఖే.

“నిజం కాగితాలు ఇంత ముచ్చటగా ఉండవు నాయనా. ఒక నెల యజమాని ఊళ్ళో ఉండడు, ఒక నెల వాన, ఒక నెల కౌంటరు దగ్గర క్యూ. తారీఖు అటూ ఇటూ అవుతుంది, సిరా మారుతుంది, కాగితం నలుగుతుంది. ఇవి చూడు, ఒకే పూట ఇస్త్రీ చేసినట్టున్నాయి. క్యాలెండరు తిప్పు.”

తిప్పాడు. రెండు నెలల్లో ఏడో తారీఖు ఆదివారం.

“ఆదివారం కూడా పన్ను కట్టించుకునే ఆఫీసు ఎక్కడుందో నాకూ చెప్పు. ఈ వయసులో వెళ్ళి ఒకసారి చూసొస్తాను.”

అతను క్యాలెండరు వదిలి ఇటు తిరిగాడు. “రేపు తాళాలాయన్ని గట్టిగా అడుగుతానమ్మా.”

“అడక్కు. ఎవరి లెక్క చూస్తున్నావో వాళ్ళనే సాక్ష్యం అడిగితే వాళ్ళు సాక్ష్యం తయారుచేసి తెస్తారు. సాక్ష్యం అవతలి గట్టు నుంచి రావాలి. నువ్వే టాక్సాఫీసుకి వెళ్ళి ఫ్యాక్టరీ ఖాతా నకలు అడుగు. డబ్బు పట్టుకెళ్ళే మనిషి ఒకరు, నకలు తెచ్చే మనిషి ఇంకొకరు. నెలకి ఒక గంట పని. నేను నీకు ఇది నేర్పలేదా?”

“నేర్పారమ్మా. మొదట్లో వెళ్ళేవాణ్ణి. ఒకసారి ఆయన నొచ్చుకున్నారు. ఇంత వయసొచ్చినవాణ్ణి, నా వెనకాల తిరుగుతావా అన్నారు. మొహమాటపడి మానేశాను.”

ఆడిటరమ్మ రెండో కుర్చీలోని శాలువా వైపు చూసింది. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది. “ఒక మిల్లులో సరుకు తగ్గిందన్నారు. గోదాము గుమాస్తా మీద అనుమానం వచ్చింది. ఆయన నాకు తెలిసినవాడు. సరుకు లెక్క పెడితే నేను ఆయన్ని అవమానించినట్టవుతుందనుకున్నాను. వారం ఆగాను. వెళ్ళి లెక్క పెట్టేసరికి ఒక్క బస్తా కూడా తగ్గలేదు, పుస్తకంలోనే వచ్చిన సరుకు రెండుసార్లు రాశారు. ఆ మాట చెప్పడానికి ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన ప్రాణాలతో లేడు.” ఆమె రసీదులు ఒక్కొక్కటే ఏరి కట్టగా పేర్చింది. “చూడటం అవమానం కాదు. నిర్దోషిని కాపాడేది కూడా ఆ చూడటమే. వెళ్ళు, పొద్దున్నే కౌంటరు తెరుస్తారు.”

మంగళవారం లెక్కలాయన టాక్సాఫీసు వరసలో నిలబడ్డాడు. కౌంటర్లోని అమ్మాయి యంత్రంలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. పైన ఒకే ఒక్క వరస ఉంది. ఏడాది కిందటి జమ అది. కింద అంతా తెలుపు.

“ఇంతేనా అమ్మా?”

“ఇంతే సార్. ఆ తర్వాత మీ ఫ్యాక్టరీ ఇటువైపు తిరిగి చూడలేదు.”

ఆ కాగితం, రసీదుల ఫైలు పట్టుకుని అతను నేరుగా యజమాని గదిలోకి వెళ్ళాడు. యజమాని దాన్ని చూసి కోప్పడలేదు. తాళాలాయన్ని పిలిపించి తలుపు వేయించాడు. తాళాలాయన గోడకు ఆనుకుని, ఆ గుత్తిని చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

“ఫ్యాక్టరీకి కొన్న కొత్త యంత్రం బాకీ నెత్తిన పడింది” అన్నాడు యజమాని. “రెండు నెలలు వాడుకుని తిరిగి కట్టేద్దామనుకున్నా. పదకొండయ్యాయి. పెద్దాయన్ని ముద్ర చేయించమన్నది నేనే. దీన్ని దొంగతనమనకు. చేబదులు తీసుకున్నాననుకో.”

“చేబదులైతే ఇచ్చినవాడికి తెలియాలి కదండీ.”

“మాటలు బాగానే నేర్చావు. సరే విను. శనివారంలోగా ఏటి లెక్కల పత్రం టాక్సాఫీసుకి వెళ్ళాలి. కోసినదంతా కట్టామని రాసి, నువ్వు సంతకం పెట్టు. వచ్చే ఏడాది మెల్లగా పూడ్చేద్దాం. మీ బావమరిది సంగతి విన్నాను. వాడి ఒక్కడిదీ ఈ రోజే కట్టించేస్తాను. ఇల్లు కొనుక్కుంటాడు, మీ ఇంట్లో గొడవా తీరుతుంది.”

“మిగతా నలభై ఇద్దరిదో?”

“వాళ్ళకి ఉత్తరాలు రాలేదు కదా.” యజమాని రసీదుల ఫైలును వేలితో ముందుకు తోశాడు. “ఇంకో మాట. నా సంతకం ఇందులో ఎక్కడా లేదు. పచ్చ టిక్కులన్నీ నీవే. బయటికెళ్ళి అరిస్తే జనం ముందు ఎవరి వైపు చూస్తారో నువ్వే లెక్క కట్టుకో.”

తాళాలాయన నోరు తెరవబోయి, యజమాని చూపు తగిలి మానేశాడు.

ఆ సాయంత్రం లెక్కలాయన ఇంట్లో అంతా చెప్పాడు. భార్య కంచం ముందు కూర్చుని తినకుండా వింది.

“ఆ రోజు మీ సొరుగు తీశాను” అంది చివరికి.

“తెలుసు.”

“అడగాల్సింది.”

“నేను తాళాలాయన్ని అడగలేకపోయాను. నువ్వు నన్ను అడగలేకపోయావు. ఈ మొహమాటం మనింట్లో అద్దె కూడా కట్టకుండా కాపురముంటోంది.”

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కంచం వైపే చూస్తూ అడిగింది. “సంతకం పెడితే తమ్ముడి ఇల్లు నిలుస్తుంది కదూ?”

“నిలుస్తుంది.”

“పెట్టకపోతే?”

“అడ్వాన్సు పోతుంది. నా ఉద్యోగం పోతుంది. మొదటి అనుమానం నా మీదే పడుతుంది. పడాలి కూడా. టిక్కులు నావే.”

ఆమె లేచి కంచాలు తీసింది. “పెట్టకండి. వాడికి నేను చెబుతాను. తిడితే నన్ను తిడతాడు. వాడి తిట్లు నాకు చిన్నప్పటినుంచీ అలవాటే.”

శనివారం మధ్యాహ్నం, భోజనాల గదిలో నలభై ముగ్గురూ క్యారియర్లు విప్పుకుంటున్న సమయానికి లెక్కలాయన వెళ్ళి నిలబడ్డాడు. అంతకు గంట ముందే అతను టాక్సాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు. తన టిక్కుల గురించి కూడా అందులో రాశాడు. ఇప్పుడు ఆ ఖాతా నకలు పైకి పట్టుకుని, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. తారీఖులు చూడలేదని చెప్పాడు. అడగడానికి మొహమాటపడ్డానని చెప్పాడు.

ముందు గుసగుసలు, తర్వాత కేకలు. “కంచే చేను మేసిందిరా” అన్నాడొకడు. “తినేదంతా తిని, ఇప్పుడు చేతులు కడుక్కోవడానికి వచ్చాడు” అన్నాడింకొకడు. బావమరిది మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ముద్ద చేతిలోనే ఉంది. బావ వైపు చూడలేదు, బావ తరఫున మాట్లాడనూ లేదు.

ప్యాకింగు పనిచేసే ఒకావిడ లేచింది. నడివయసు మనిషి, మాట మెత్తగా ఉండదు. “లెక్కలాయనా, పదకొండు నెలలు నువ్వు చూపించిన కాగితమే నమ్మాం. ఇవ్వాళ ఇంకో కాగితం తెచ్చావు. దీన్నెందుకు నమ్మాలి?”

“నమ్మొద్దమ్మా” అన్నాడు అతను. “అది చెప్పడానికే వచ్చాను. ఈ కాగితాన్నీ నమ్మొద్దు, నన్నూ నమ్మొద్దు. మీ జీతం చీటీలు పట్టుకుని మీరే కౌంటరుకి వెళ్ళండి. మీ పేరున ఏముందో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. చీటీలు పారేయకండి, మీ జీతం కోసినట్టు రుజువు అవే. ఇకపైన ఎవరు లెక్కలు రాసినా, ఆయన ఎంత మంచివాడైనా, నెలనెలా వెళ్ళి చూసుకోండి. చూసుకుంటే కోపం వచ్చేవాడు లెక్కలు రాయడానికి పనికిరాడు. ఇన్నాళ్ళూ నేనూ పనికిరాలేదు, అడగడానికి భయపడ్డాను కనుక.”

గదిలో చప్పుడు తగ్గింది. ఒప్పుకున్నారని కాదు, ఒక్కొక్కరూ తమ చీటీలు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకుంటున్నారు.

ఆ తర్వాత జరిగినది సుఖంగా జరగలేదు. దాన్ని తీపిగా చెప్పి మిమ్మల్ని మోసగించను. లెక్కలాయన్ని మూడు నెలలు విచారణకు పిలుస్తూనే ఉన్నారు. వీధిలో ఆయన్ని చూసి మాట ఆపేసిన వాళ్ళున్నారు. మొహం తిప్పుకున్న వాళ్ళున్నారు. బావమరిది ఇల్లు వేరొకరి పాలయింది, అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. అతను అక్క ఇంటికి రావడం మానేసి, నాలుగో నెలలో వచ్చి, కూర్చోకుండానే టీ తాగి వెళ్ళాడు. ముద్రలు వేసింది తానే అని తాళాలాయన చివరికి అధికారుల ముందు ఒప్పుకున్నాడు. “నువ్వు మానేశాక నన్ను ఒక్కరు కూడా తనిఖీ చేయలేదు బాబూ. చేసుంటే మొదటి నెలే యజమానికి, కుదరదండీ, వాళ్ళు చూస్తారు అని చెప్పేవాణ్ణి” అని ఆయన లెక్కలాయనతో అన్న మాట మనం గుర్తుంచుకోదగ్గది. జీతం చీటీలు దాచుకున్న వాళ్ళందరి బాకీనీ టాక్సాఫీసు యజమాని మీదికి మార్చింది. దాచుకోని తొమ్మిదిమంది ఇంకా తిరుగుతున్నారు.

లెక్కలాయన పైసా ముట్టలేదని విచారణలో తేలాక, కేసు ముగిసేదాకా ఫ్యాక్టరీ లెక్కలు చూడటానికి అధికారులు మళ్ళీ ఆయన్నే ఉంచారు. ఆ నెల పన్ను కట్టడానికి తాళాల గుత్తి లేని కొత్త మనిషి వెళ్ళాడు. నకలు తేవడానికి కార్మికులు తమలోంచి ప్యాకింగావిడను ఎన్నుకున్నారు. ఆమె నకలు తెచ్చి, అతని బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“జీతాల పట్టీ తియ్యి. నా ఎదురుగా కూడు.”

అతను నలభై మూడు అంకెలూ పైనుంచి కిందికి చదువుతూ కూడాడు. మొత్తం నకలుతో సరిపోయింది.

“ఇప్పుడు కిందినుంచి పైకి కూడు.”

కూడాడు. సరిపోయింది. ఆమె లేవలేదు. పట్టీని తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ తనే మొదటినుంచి కూడడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. అతను తొందరపెట్టలేదు, నొచ్చుకోలేదు, టీ తెప్పిస్తాననీ అనలేదు. పెన్సిలు కింద పెట్టి, ఆమె ముగించేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మనుషుల్ని చాటుగా అనుమానిస్తే ఇళ్ళు విరుగుతాయి. కాగితాల్ని బాహాటంగా అనుమానించడం మనమందరం నేర్చుకున్న రోజున, మనుషుల్ని అనుమానించే అవసరం చాలావరకు తీరిపోతుంది.